ఉల్లినారుతో మూడు ఊళ్ళు

యాత్రలనగా కాశీరామేశ్వరములను గూర్చి వ్రాయువారు పెక్కండ్రు గలరు. మేము చేసినది అట్టి యాత్ర కాదు. బాపట్లలో ఒక తాటాకుబుట్ట నిండ ఉల్లినారు పుచ్చుకొని, తెనాలిలోని మా యింట ఒక రాత్రి నిలిచి, మఱునాడు రేపల్లెకు పోయితిమి. రెండు రైళ్ళు, ఒక ఆటోబండి. దూరమంతయు కూడిన 90 కిలోమీటర్లకు మించదు. కాని యింతలోనే నేల మూడు తీరుల మాఱినది, నీరు మూడు రుచుల మాఱినది. బుట్టలోని నారు మాత్రము ఒక్కటే.

ఈ ప్రయాణమునకు కారణము మా చెల్లెలు. ఆమె కాపురము రేపల్లెకు దక్షిణమున సముద్రపు దిక్కుగా నున్న యొక పల్లెలో. కాపురమునకు వచ్చిన నాటినుండియు ఆమె పెరటిలో కూరపాదులు వేసి, ఇంటికి సరిపోగా మిగిలినది ఇరుగుపొరుగులకమ్మి, ఆ రూకలు తన పేరనే దాచుకొనుచుండెను. పిల్లదాని పుస్తకములు, తన కంటి అద్దములు, ఒక పండుగకు మా అమ్మకు పెట్టిన చీర, అన్నియు ఆ దొడ్డిలో పుట్టినవే. నాలుగేండ్ల క్రిందట నీరు చాలదని మా మఱిది లోతుగా బోరు వేయించెను. మొదటి యేడు నీరు పుష్కలముగ వచ్చెను. రెండవ యేట బీరపాదుల ఆకులు అంచుల వెంబడి మాడినవి. మూడవ యేట మడి ఆరినప్పుడెల్ల మీద తెల్లని పొర కట్టసాగెను. ఉల్లినారు నాటిన వారము దినములలో కొనలు తెల్లబాఱి నేలకు వాలెను.

"అక్కయ్యా, దొడ్డిమీద ఆశ వదలుకొంటిని. అక్కడ సిమెంటు పోయించి వడ్లారబోసికొనుటకు కళ్ళము చేయింతుమని వీరనుచున్నారు. సంక్రాంతి వెళ్ళగనే మేస్త్రి వచ్చునట" అని ఆమె ఫోనులో చెప్పెను. మాటలకేమి గాని, ఆ గొంతు మాకు నచ్చలేదు.

ఆ సంగతి బాపట్లలో వ్యవసాయ కళాశాల యందు చదువుచున్న మా మేనల్లునితో చెప్పితిమి. అతడు "అత్తయ్యా, నేను ఉల్లినారు పోసి యున్నాను. ఒకసారి వచ్చి తీసికొనిపొండి. చిన్నత్తయ్య దొడ్డిలో నీటిని కూడ నేను వచ్చి చూచెదను" అని పిలిచెను. మార్గశిరమాసమున బయలుదేరితిమి.

బాపట్లలో దిగి ముందుగా భావనారాయణస్వామి దర్శనము చేసికొంటిమి. ఆ స్వామి పేరనే యూరు భావపురియై, వాడుకలో బాపట్ల యైనదందురు. 2022 ఏప్రిలు నుండి ఇది జిల్లాకు ముఖ్యపట్టణము కూడ నైనది. మన పత్రికలు చదువు స్త్రీలకు ఈ యూరు మఱియొక విధముగా పుట్టినిల్లు. శ్రీమతి కనుపర్తి వరలక్ష్మమ్మగారు 1896లో జన్మించినది ఇచటనే. 1931లో స్త్రీహితైషిణీ మండలి నెలకొల్పినదియు నిచటనే. ఆమె 'గృహలక్ష్మి'లో వ్రాసిన శారద లేఖలను గూర్చి మా అమ్మమ్మ చెప్పుచుండగా వినుచు పెరిగినవారము గనుక, ఆ వీధుల నడచునప్పుడు కొంచెము మెల్లగ నడచితిమి.

మా మేనల్లుని కళాశాల 1945 జులై 11వ తేదీన స్థాపింపబడినది. అతడు కాపురమున్న గది ఊరి వెలుపల ఇసుకనేల మీద ఒక రైతువారి యింటిలోనిది. ఆ రైతు భార్య ఇతని నారుమడికి తన పెరటిలో చోటిచ్చెను. ఇసుకనేల యనగా మన గోదావరి ఇసుకతిన్నె వంటిదని తలపకుడు. తాళ్ళు, సరుగుడు తోపులు, జీడిమామిడి, వేరుసెనగ, వాని నడుమ పచ్చని కూరమడులు. ఇంత ఇసుకలో ఈ పచ్చదనమెట్లనిన, దాని గుట్టు దొరువులో నున్నది.

దొరువనగా బావి కాదు, చెఱువు కాదు. ఇసుకలో వాలుగా త్రవ్విన గుంట. నాలుగైదు అడుగుల లోతుననే నీరు కనబడును. సముద్రము కొలది దూరములోనే యున్నను ఆ నీరు తియ్యగా నుండును. వానకు కురిసిన నీరు ఇసుకలోనికింకి, క్రిందనున్న ఉప్పునీటి మీద తేలి నిలుచును. ఉప్పునీరు బరువు, వాననీరు తేలిక. మజ్జిగకుండలో తేట పైన నిలుచును గదా, గరిటెతో మెల్లగ మీదిమీద తీసినచో తేటయే వచ్చును, కవ్వము వేసి కదపితిమా, అంతయు కలసిపోవును. దొరువు పని గరిటె పని. లోతుబోరు మోటారు పని కవ్వపు పని. దీనికొక లెక్క యున్నదని మా మేనల్లుడు చెప్పెను. ఒక డచ్చి ఇంజనీరును, ఒక జర్మను ఇంజనీరును వేర్వేఱుగ కనుగొన్నదట: సముద్రమట్టమునకు పైన మంచినీరు ఒక అడుగు నిలిచియున్నచో, క్రింద సుమారు నలువది అడుగుల మంచినీరుండును. అనగా పైన ఒక అడుగు తగ్గించితిమా, అడుగున ఉప్పునీరు నలువది అడుగులు పైకి జరుగుటకు చూచును. ఈ లెక్క విన్నప్పటినుండియు మా చెల్లెలి బోరు మాకు కన్నుల ముందు మెదలుచుండెను.

ఆ రైతు భార్య కావడికి రెండు కడవలు తగిలించుకొని దొరువులోనికి మెట్లుమెట్లుగా దిగి, ముంచి, పైకి వచ్చి, నడచుచునే నారుమడిపై జల్లుగా వంచుచుండెను. ఇసుక నీటిని నిలుపుకొనదు గనుక ఉదయము ఒకసారి, సాయంకాలము ఒకసారి పోయవలెను. "2023లో డిసెంబరు 5వ తేదీన తుఫాను ఇక్కడే తీరము దాటినది గదమ్మా, మిచౌంగు అని. ఆనాడు మా నారుమడి ఎక్కడ నుండెనో కూడ తెలియలేదు. ఇసుక ఒకచోటు నుండి ఇంకొకచోటికి పోయినది. మరల త్రవ్వితిమి, మరల పోసితిమి" అని చెప్పుచు మా చేతికి చల్లని మజ్జిగ ఇచ్చెను. ఆమె భుజముపై కావడి ఒరసిన చోట చర్మము నల్లగా కాయ కట్టి యున్నది.

ఇక నారు సంగతి. మా మేనల్లుడు దీపావళి వెళ్ళిన వెంటనే ఎఱ్ఱ ఉల్లి విత్తనము పోసెను. నలువదియైదు దినములకు నారు జానెడు పొడవై, చీపురుపుల్లకంటె లావు, పెన్సిలుకంటె సన్నముగ నుండును. అదియే నాటుటకు తగిన యదను. ముదిరినచో గడ్డ కట్టక పూమొగ్గ వేయును, లేతదైనచో నాటినచోటనే కూలును. దాని ప్రక్కనే చిన్న మడిలో మఱియొక జాతి నారు కనబడెను. ఆకు గుండ్రముగ గొట్టమువలె నుండక, వెల్లుల్లి ఆకువలె బల్లపరుపుగ నున్నది. "ఇది లీకు, అత్తయ్యా. దీనికి గడ్డ రాదు, కాడయే కూర. సీమలో శీతకాలపు కూరలకిది రాణి. మన దేశమున నీలగిరులలో పండింతురు. ఇక్కడ చలి చాలదని తెలిసియు సరదాకు పోసితిని" అనెను. వేల్సు దేశమువారికి ఈ లీకు జాతిచిహ్నమట. మార్చి 1వ తేదీన తమ సాధువు పండుగకు దీనిని అంగీకి గ్రుచ్చుకొని తిరుగుదురట. మనము మామిడాకులు గుమ్మమునకు కట్టినట్లే యనుకొంటిమి.

నారు పెరుకుట చూడవలెను. నల్లరేగడిలో నారు పెరికినచో సగము వేరు నేలలోనే మిగులును. ఇసుకలో తడిపి లాగినచో వేరు పోగు తెగకుండ వచ్చును, నారుకుళ్ళు కూడ తక్కువ. నూరేసి మొక్కలు లెక్కించి అరటినారతో కట్టలు కట్టి, ఆకు కొనలు మూడవవంతు కత్తిరించి, తడిపిన గోనెలో చుట్టి, తాటాకుబుట్టలో నిలువుగ పేర్చితిమి. కొనలు త్రుంచుట క్రూరముగ తోచును గాని, వేరు క్రొత్తనేలను పట్టులోపల ఆకులన్నింటికి నీరందింపలేదు. భారము తగ్గించినగాని మొక్క నిలువదు. ఉల్లి పండ్రెండు కట్టలు, లీకు రెండు కట్టలు. మా మేనల్లుడు ఉప్పును కొలుచు చిన్న పరికరమునొకదానిని జేబులో వేసికొని మాతో బయలుదేరెను. ఆ రైతువారి దొరువులో అది 0.6 చూపెను. ఆ అంకెను జ్ఞాపకముంచుకొనుడు.

బాపట్ల విడిచిన రైలు అప్పికట్ల దాటగనే ఇసుక నిలిచిపోవును. నిడుబ్రోలు వచ్చునప్పటికి నల్లరేగడి. వరికోతల కాలము. కోతకు రెండుమూడు దినముల ముందుగనే నిలిచియున్న చేనిలో మినుములు చల్లుట ఈ సీమ వాడుక గనుక, కోసిన మళ్ళలో మోళ్ళ నడుమ అప్పుడే చిన్నాకులు కనబడుచుండెను. రైలులో ఎదుటనున్న యొక ముసలామె బుట్ట చూచి "అమ్మకమునకా?" అని యడిగెను. కాదంటిమి. "మఱి ఇంత నారు ఏమి చేసికొందురు?" అని మమ్ము వదలక ప్రశ్నించి, చివరకు ఒక కట్ట పుచ్చుకొనియే దిగెను. దానికి మాఱుగా రెండు జామపండ్లు ఒడిలో వేసెను.

తెనాలిని గూర్చి మాకు చెప్పుకొనుట సులభము కాదు, మా యూరు గనుక. మూడు కాలువలు ఊరి నడుమ పాఱుచున్నవి. 1855లో పూర్తియైన బెజవాడ ఆనకట్టయే ఈ కాలువలకు తల్లి. దాని స్థానమున 1957లో ప్రకాశం బారేజి వచ్చినది. కృష్ణ నీరు వచ్చిననాటినుండి ఈ సీమ అన్నపూర్ణ యైనది. ఊరి నడుమ ఆ కాలువ లిప్పుడెంత శుభ్రముగ నున్నవో అడుగకుండుటయే మర్యాద. మా వీధి చివర పంపు నీటిలో పరికరము 0.5 చూపెను. నీటికి కొదువ లేదు, ఉప్పునకు భయము లేదు. ఇక్కడ శత్రువు నేలయే. నల్లరేగడి తడిసినచో జిగురు, ఆరినచో రాయి. మడిలో నీరు ఒక్క పూట నిలిచినను ఉల్లి వేరు ఊపిరాడక కుళ్ళును. కావున మేము మడిని జానెడెత్తు లేపి, మాగిన పెంటయు, బాపట్ల నుండి సంచిలో తెచ్చిన ఇసుకయు కలిపి, నడుమ కాలువలు తీసితిమి.

నాటు విధము వ్రాయుదుము, ఎవరికైన పనికి వచ్చును. ఉల్లిమొక్కను అంగుళము లోతునకు మించి పాతరాదు. వేరు మాత్రము మట్టిలో నుండి, తెల్లని మెడ పైకి కనబడవలెను. లోతుగ పాతినచో గడ్డ ఊరదు. వరుసకు వరుసకు ఆఱంగుళములు, మొక్కకు మొక్కకు నాలుగంగుళములు. పది అడుగుల పొడవు, ఆఱడుగుల వెడల్పు గల మడికి 360 మొక్కలు పట్టును. లీకు సంగతి దీనికి సరిగా తలక్రిందు. మొనదేరిన కఱ్ఱతో ఆఱంగుళముల లోతున బెజ్జము చేసి, మొక్కను అందులో జాఱవిడిచి, మట్టి కప్పక నీరు మాత్రము పోయవలెను. మట్టి తనంతట తాను మెల్లగ జాఱి నిండును. చీకటిలో నున్నంతమేర కాడ తెల్లబడును, ఆ తెలుపే దాని రుచి. ఒకే వంశమున పుట్టిన రెండు మొక్కలలో ఒకదానికి పైపైన, ఒకదానికి లోతున! మావారు కఱ్ఱ పట్టుకొని బెజ్జములు చేయుచు, "బడిలో కూడ ఇట్లే యుండును, అందఱిని ఒకే లోతున పాతుచున్నాము" అనిరి. పాఠము చెప్పక చేతిపని చేయుడంటిమి.

మా అత్తగారు ఉల్లి తినరు. అరుగుపై కూర్చుండి ఆ క్రొత్త నారును చూచి, "ఇది నిషిద్ధమా, కాదా?" అని యడిగిరి. మనుస్మృతి ఐదవ యధ్యాయమున లశునము, గృంజనము, పలాండువు మూడును ద్విజులకు అభక్ష్యములని యున్నది. లీకు పేరచట లేదు. అమరకోశము తీసితిమి. అమరసింహుడు పలాండువునకు సుకందకమని పర్యాయము చెప్పి, పచ్చనిదానికి లతార్కము, దుద్రుమము అని వేఱు పేరులిడినాడు. "లతార్కమని పిలుచుకొని తినవచ్చునేమో" అని మేము సూచించితిమి. "పేరు మార్చినంత మాత్రమున వాసన మాఱునా?" అని ఆమె లోపలికి పోయిరి. ఉల్లి చేయు మేలు తల్లి చేయదన్న సామెత ఉన్న దేశముననే ఇంతటి నిషేధమును ఉన్నది. మా యింట రెండు పొయ్యిలు, రెండు కత్తిపీటలు. తగవు లేదు.

మఱునాటి ఉదయము రేపల్లె బండి. 1916లో వేసిన ఈ శాఖామార్గము రేపల్లెతో సరి, అచటితో పట్టాలు నిలిచిపోవును. వేమూరు దాటిన పిదప అరటితోటలు, పసుపుచేలు. భట్టిప్రోలు స్టేషనులో బండి నిలిచినప్పుడు, 1892లో ఇచటి స్తూపమున దొరకిన శాసనపు భరిణెలను గూర్చి మేనల్లునికి చెప్పబోతిమి గాని అతడు నిద్రించుచుండెను. తూర్పున కృష్ణ లంకలు. 2024 సెప్టెంబరు 2వ తేదీన బారేజి నుండి 11.43 లక్షల క్యూసెక్కుల వఱద విడువబడినప్పుడు ఆ లంకల అరటి, పసుపు నీట మునిగినవి. నది తెచ్చిన నేలయే, నది తీసికొనిపోవును. రేపల్లె యను పేరు వినగనే కృష్ణుడు పెరిగిన గొల్లపల్లె తోచును. స్టేషను వెలుపల ఆవులు కూడ నుండెను, కాని వెన్నకు బదులు రొయ్యల మేత సంచులు దింపుచుండిరి.

అచటినుండి ఆటోబండిలో దక్షిణముగ పోవుకొలది గాలిలో ఉప్పు తెలియును. ఈ పల్లెలు కాలువ చివరివి. పైనున్నవారు త్రాగగా మిగిలినది వీరికి వచ్చును. మురుగుకాలువలలో పోటు సమయమున సముద్రము వెనుకకు ఎక్కును. రొయ్యల చెఱువుల ఉప్పు ప్రక్క పొలములకు దిగుచున్నదని రైతుల మొర. ఇట్టిచోట ఉల్లి పండింప చూచుట సాహసమే, ఏలయన ఉప్పునకు మిక్కిలి బెదరు పంటలలో ఉల్లి యొకటి. బీటుదుంప తాళును, పాలకూర కొంతవఱకు తాళును, ఉల్లి తాళదు. నీటిలో పరికరము 0.8 చూపువఱకు నష్టము లేదు. 2.9 చూపినచో పంట సగమగును. 5 చూపినచో గడ్డ యన్నది ఉండదు.

మా చెల్లెలు కాళ్ళు కడుగుకొనుటకు నీళ్ళిచ్చినప్పుడే మేనల్లుడు పరికరమును చెంబులో ముంచెను. 3.6. అతడు మా వంక చూచెను. మేము చెల్లెలి వంక చూడలేదు.

దొడ్డి చూచితిమి. ఎండిన పందిరి గుంజలు, తెల్లని పొర కట్టిన మడులు, గోడ వారగా మేస్త్రి కొలత కొఱకు పాతిన నాలుగు మేకులు. సిమెంటు బస్తాలు అప్పుడే వసారాలో దిగి యుండెను. మా మఱిది చెడ్డవాడు కాడు. "వదినగారూ, ఏటేట విత్తనములు, ఎరువు, ఆమె కష్టము వ్యర్థమగుచున్నవి. చూడలేకయే ఈ పని తలపెట్టితిని" అనెను. మాట నిజమే. ప్రత్యుత్తరము మాకు దొరకలేదు.

దొరికినది మా చెల్లెలి అత్తగారికి. ఆమెకు ఎనుబది దాటినవి. మంచము మీదనుండియే, "బోరు రాకమునుపు, కుళాయి రాకమునుపు మేమే నీళ్ళు త్రాగితిమనుకొన్నారు? ఆ చింతచెట్టు క్రింద దొరువు లేదా?" అనెను. ఆ మాటకు అందఱును ఆశ్చర్యపడిరి. చింతచెట్టు క్రింద నున్నది చెత్తగుంట యని మా చెల్లెలు ఇరువదియేండ్లుగ ఎఱుగును. ముసలమ్మ చెప్పినది: ఆ ఇల్లున్నది పూర్వపు ఇసుకమెరక మీద. చుట్టుపట్ల బంకనేలయే గాని ఆ మెరక వెంట మాత్రము ఇసుక. 1977 నవంబరు 19వ తేదీన దివిసీమను ముంచిన ఉప్పెననాడు వీరి దొడ్డిలోనికి కూడ ఉప్పునీరు వచ్చినది. దొరువు చవిటిపాలైనది. "రెండు వానకారులు పోయిన పిదప దూడలు త్రాగసాగినవి. అప్పటికే ఊరికి చేతిపంపు వచ్చినది. ఆ గుంటలోనికి దిగువారెవరు?" మంచినీరు తిరిగి వచ్చినదని దూడలకు తెలిసినది గాని మనుష్యులకు తెలియలేదు!

రెండు దినములు త్రవ్వితిమి. ఒక కూలి, మేనల్లుడు, మా చెల్లెలు, మేము. కొబ్బరిమట్టలు, పగిలిన పెంకులు, ప్లాస్టికు సంచులు, ఒక పాత సైకిలు చక్రము. మా మఱిది మొదటి దినము చూచి ఊరకుండెను, రెండవ దినము పాఱ పుచ్చుకొనెను. మొలలోతున ఇసుక తడిసెను. మఱికొంచెము త్రవ్వగా ఊట కనబడెను. బురద తేరుటకు రాత్రి విడిచి, తెల్లవాఱగనే మేనల్లుడు పైనీటిలో పరికరము ముంచెను. 0.9. అందఱము ఒక్కసారి మాటలాడబోగా అతడు చేయి చాచి, ఒక సీసాకు త్రాడు కట్టి అడుగునీరు తీసెను. అది 2.1. మోచేయి రెండింతల లోతులో ఇంత భేదము! మజ్జిగతేట మాట నేను వట్టి పోలికకు చెప్పలేదత్తయ్యా యని అతడు నవ్వెను.

ఆనాడే అసలు వివాదము వచ్చినది. నీరు దొరకినది గనుక చిన్న మోటారు పెట్టుదమని మా మఱిది. పెట్టిన మఱు నెలలో మరల ఉప్పే యని మేనల్లుడు. బాపట్లలోని ఉప్పునేలల పరిశోధనా కేంద్రమువారు దొరువులను బాగుచేసిన పద్ధతి యొకటి కలదు. బెజ్జములు గల గొట్టములను నీటిమట్టమునకు కొలదిగ దిగువన అడ్డముగ పఱచి, నడుమ నొక చిన్న బావిలోనికి నీరు చేరునట్లు చేయుదురు. గొట్టము పొడవున మీది తేట మాత్రమే మెల్లగ దిగును గనుక మోటారు పెట్టినను అడుగు కదలదు. రైతుల పొలములకు అది చక్కని యుపాయమే. పెరటికి అంత ఖర్చు తగునా యని లెక్కలు సాగినవి. అంతవఱకు మాటాడకున్న మా చెల్లెలు, "గొట్టములు వచ్చినప్పుడు వచ్చును. అంతవఱకు నేను ముంచెదను. మీరు మాత్రము సిమెంటు మాట మానుడు" అనెను. మా మఱిది ఏమియు ననలేదు. సాయంకాలము ఎక్కడనుండియో ఒక వెదురుబద్ద తెచ్చి కావడి చెక్కుచు కూర్చుండెను.

మూడు మళ్ళు ఉల్లి నాటితిమి. రెండింటికి దొరువు నీరు, ఒకదానికి మాత్రము చూచుటకై బోరు నీరు. గోడవారన లీకు ఒక వరుస. దొరువు మళ్ళకు పూటకు నాలుగేసి బిందెలు, రెండు పూటలకు పదునాఱు. మేము నాలుగు దినములు మోసితిమి. ఐదవనాడు భుజము పైకి లేవలేదు. నీళ్ళు మోయుటలోని సౌందర్యమును వర్ణించు కవులను పిలిచి ఒక్క పూట మోయింపవలెననిపించెను. మా చెల్లెలు మాత్రము దిగుట, ముంచుట, ఎక్కుట, ఆ లయ రెండవనాటికే పట్టెను. బిందె నీటిని తాకించునప్పుడు అడుగు కలగకుండ ప్రక్కకు వంచి ముంచుట చూచితిమి. ఆమెకు ఎవరును నేర్పలేదు.

సంక్రాంతి వెళ్ళినది. మేస్త్రి మాట ప్రకారము వచ్చెను. సిమెంటు బస్తాలు కొని యుండిరి గదా, వాని నేమి చేయవలెను? దొరువు చుట్టు జానెడెత్తు గట్టు, లోనికి దిగుటకు నాలుగు మెట్లు కట్టించిరి. మిగిలిన రెండు బస్తాలు ఎవరికో అమ్మిరట.

ఉగాదికి ముందు తెనాలిలో మా ఉల్లి త్రవ్వితిమి. మాఘమున ఒకనాడు వాన నిలిచి రెండు వరుసలు కుళ్ళినవి, తక్కినవి మంచి గడ్డలే. లీకు చలి ఉన్నంతవఱకు లేచి, ఎండ ముదరగనే నిలిచిపోయినది. బొటనవ్రేలి లావున కాడలు. సెనగపిండి వేసి కూర చేసితిమి. మావారు ఉల్లికాడలకంటె మెత్తగ నున్నదనిరి. మా అత్తగారు వాసన చూచి, తాము చెప్పినది నిజమేననిరి.

రేపల్లె నుండి చెల్లెలి ఫోను వచ్చినది. బోరు నీటి మడిలోనివి రేగుపండ్లంత. దొరువు మళ్ళలోనివి పిడికిలి పట్టునంత, రెండు మళ్ళు కలిసి బుట్టలు నాలుగు. ఇంటికి రెండుంచుకొని రెండమ్మినదట. అడుగుకొనలేక యడిగితిమి, భుజమెట్లున్నదని. "కాయ కట్టినదక్కయ్యా" అని నవ్వెను. ఎండలకు దొరువులో నీరు ఒక మెట్టు దిగినదట, అందుచేత వైశాఖమంతయు మడులు ఖాళీగ విడుచునట. గొట్టములకు డబ్బు కొంచెము కొంచెముగ కూడబెట్టుచున్నదట. ఉల్లి విత్తనము ఏడాదికి మించి మొలకశక్తి నిలుపుకొనదని మేనల్లుడు చెప్పినాడు గనుక, క్రొత్త విత్తనము కావలెనా యని యడిగితిమి.

"విత్తనము పంపు. నారు మాత్రము నేనే పోసికొందును, నాకు ఇసుక ఉన్నది గదా!"